కంప్యూటర్ పాటకు ప్రాణం ఉండదనడం తప్పు

కంప్యూటర్‌లో దాచుకున్న పాటల్ని ఇంట్లోని హైఫై సెట్టు మీద వినాలనుకునే మనిషిని అడుగడుగునా వెనక్కి లాగే మాటలు కొన్ని చాలాకాలంగా చలామణీలో ఉన్నాయి. యూఎస్‌బీ సంగీతం కోసం పుట్టింది కాదు కాబట్టి అందులోంచి వచ్చే పాట పలచబడుతుందనీ, డిజిటల్ అంటేనే శబ్దాన్ని మెట్లుమెట్లుగా కోసేయడమనీ, ప్రింటర్‌కు వాడే మామూలు కేబుల్ తగిలిస్తే పాట గరుకుగా మోగుతుందనీ, సీడీ కాలం నాటి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ఇప్పుడు పనికిరావనీ, రెండు మూడు వేల రూపాయల డాక్ కొనేకంటే ఊరుకోవడమే మేలనీ చెబుతారు. ఇలా చెప్పేవాళ్లలో సంగీతాన్ని నిజంగా ప్రేమించేవాళ్లున్నారు, కేబుళ్లు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఎవరు చెప్పినా ఫలితం ఒకటే. వినాలన్న ఆశ ఉన్నవాడు జేబు తడుముకుని ఆగిపోతాడు, లేదా స్పీకర్లకు పెట్టాల్సిన డబ్బు తీగలకు పోస్తాడు. ఈ మాటల్లో కొన్ని మొదటినుంచీ తప్పు. కొన్ని ఒకప్పుడు నిజమై ఇప్పుడు చెల్లనివి. ఒకటో రెండో నిజమే గాని, చెవికి ఆనేంత పెద్దవి కావు.

ముందు డాక్ చేసే పనేమిటో చూద్దాం. అంకెల రూపంలో ఉన్న పాటను ఆంప్లిఫైయర్‌కు అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మార్చే పెట్టె అది. ఒక పక్క యూఎస్‌బీ రంధ్రం, ఇంకో పక్క ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు. ఈ పని చేసే చిప్ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ముందే ఉంది. అయినా దాన్ని బయటికి తేవడం ఎందుకంటే, ల్యాప్‌టాప్ లోపల ప్రాసెసర్, ఫ్యాను, వైఫై, తెర దీపం అన్నీ జానెడు జాగాలో కరెంటును క్షణానికో రకంగా లాగుతుంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌ల హెడ్‌ఫోన్ సాకెట్టు నుంచి ఆంప్లిఫైయర్‌కు తీగ లాగి వాల్యూమ్ పెంచితే, మౌస్ కదిలినప్పుడల్లా సన్నటి చిరచిర వినబడుతుంది. ఆ రొదకు దూరంగా, వేరే పెట్టెలో, అంకెల్ని తరంగంగా మార్చుకోవడమే యూఎస్‌బీ డాక్ ప్రయోజనం. మీ ల్యాప్‌టాప్ సాకెట్టులో ఆ రొద లేకపోతే, పాట శుభ్రంగా, సరిపడా గట్టిగా వస్తుంటే, డాక్ కొననవసరం కూడా లేదు. ఈ మాట చెప్పే అమ్మకందారు నాకింకా తగల్లేదు.

ఇక మెట్ల సంగతి. డిజిటల్ పాటను పుస్తకాల్లో, ప్రకటనల్లో మెట్ల బొమ్మ గీసి చూపిస్తారు. పక్కనే నునుపైన వంపు గీసి అది గ్రామఫోన్ రికార్డు అంటారు. ఆ బొమ్మ చూసిన ఎవరికైనా డిజిటల్‌లో ఏదో పోయిందనే అనిపిస్తుంది. కానీ డాక్ నుంచి బయటికొచ్చే తరంగంలో మెట్లు ఉండవు. ఒక శబ్దంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో శాంపిళ్లు తీస్తే, ఆ శాంపిళ్ల గుండా వెళ్లగలిగే తరంగం ఒక్కటే ఉంటుందనీ, దాన్ని పూర్తిగా తిరిగి రాబట్టవచ్చనీ క్లాడ్ షానన్ 1949లో గణితంగా నిరూపించాడు. మనిషి చెవి వినగలిగేది 20 కిలోహెర్ట్జ్ దాకా, అదీ చిన్న వయసులో. సీడీకి 44.1 ఎంచుకోవడంలో ఆ రెట్టింపూ ఉంది, వడపోత సర్క్యూట్‌కు కాస్త వెసులుబాటూ ఉంది.

లెక్క మీద నమ్మకం కుదరనివాళ్ల కోసం కంటికి కనబడే రుజువూ ఉంది. ఆగ్ వార్బిస్ ఫార్మాట్‌ను తయారుచేసిన క్రిస్ మాంట్‌గోమరీ 2013లో ఒక వీడియో చేశాడు. అనలాగ్ సిగ్నల్ జనరేటర్ నుంచి సైన్ తరంగాన్ని తీసుకుని, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల అంకెలుగా మార్చి, మళ్లీ తరంగంగా మార్చి, అనలాగ్ ఆసిల్లోస్కోప్ మీద చూపించాడు. అందుకు అతను వాడింది అప్పటికే పదేళ్లు దాటిన, మామూలు రకం యూఎస్‌బీ ఆడియో పెట్టె. పౌనఃపున్యాన్ని పెంచుకుంటూ 20 కిలోహెర్ట్జ్ దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఒక్కో తరంగానికి దక్కేది రెండు శాంపిళ్ల కంటే కొంచెం ఎక్కువ, అంతే. అయినా తెర మీద కనబడింది లోపలికి పంపిన సైన్ తరంగమే, అదే నునుపుతో. మెట్ల బొమ్మ గీసి అమ్మేవాళ్లు ఈ పరీక్షకు ఇన్నేళ్లలో జవాబు చెప్పలేదు.

యూఎస్‌బీ మీద ఉన్న ఫిర్యాదుల్లో ఒకదానికి మాత్రం గట్టి పునాది ఉండేది. దాన్ని కొట్టిపారేయకుండా వివరించాలి. 1998లో వచ్చిన మొదటి యూఎస్‌బీ ఆడియో ప్రమాణంలో కంప్యూటర్ మిల్లీసెకనుకో పొట్లం చొప్పున శాంపిళ్లు పంపుతుంది. సీడీ పాటకు మిల్లీసెకనుకు 44.1 శాంపిళ్లు కావాలి. శాంపిల్‌లో పదో వంతు పంపడం కుదరదు. అందుకని తొమ్మిది పొట్లాల్లో 44 చొప్పున పెట్టి, పదో పొట్లంలో 45 పెడుతుంది. మొదటి తరం చవక డాక్‌లు ఈ వచ్చీపోయే పొట్లాల లయను బట్టే తమ గడియారాన్ని సర్దుకునేవి. దాంతో ఒక్కో శాంపిల్ తరంగంగా మారే క్షణం కాస్త ముందుకో వెనక్కో జరిగేది. ఈ తడబాటునే జిట్టర్ అంటారు. పరికరాలతో కొలిస్తే అది స్పష్టంగా కనబడేది.

దీనికి పరిష్కారం కూడా ఆ 1998 ప్రమాణంలోనే రాసి ఉంది. అసింక్రనస్ పద్ధతిలో గడియారం డాక్‌లోనే, క్వార్ట్జ్ స్ఫటికంతో నడుస్తుంది. వచ్చిన శాంపిళ్లను డాక్ తన దగ్గర కొద్దిగా నిలవ ఉంచుకుని, తన లయలో తాను వాడుకుంటూ, నిలవ తగ్గితే కొంచెం ఎక్కువ పంపమనీ, పెరిగితే తగ్గించమనీ కంప్యూటర్‌కే చెబుతుంది. అమెరికాలో వేవ్‌లెంగ్త్ ఆడియో నడిపే గోర్డన్ ర్యాంకిన్ లాంటి ఇంజనీర్లు 2000ల దశకంలో ఈ పద్ధతిని హైఫై డాక్‌లలోకి పట్టుదలగా తెచ్చారు. అప్పట్లో అది ఖరీదైన విశేషం. ఇప్పుడు చవక డాక్‌లలోనూ మామూలైపోయింది. పైగా పాత రోజుల్లోనైనా ఆ తడబాటు చెవికి ఎంతమేరకు తెలిసేదన్నది వేరే ప్రశ్న. డాల్బీ ప్రయోగశాలకు చెందిన ఎరిక్ బెంజమిన్, బెంజమిన్ గానన్ 1998లో శ్రోతలతో పరీక్షలు చేసి చూశారు. అసలైన సంగీతంలో జిట్టర్ వినబడాలంటే అది పదుల నానోసెకన్లలో ఉండాల్సి వచ్చింది. పత్రికలు చెప్పినంత ప్రభావం దానికి లేదని వాళ్లే రాశారు. ఇవాళ సరిగ్గా తయారైన డాక్‌లో అది సాధారణంగా ఒక నానోసెకనుకు లోపే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందటి రోగానికి ఇవాళ మందు అమ్ముతూ, రోగం ఇంకా అలాగే ఉందని చెప్పడం రోగిని మోసం చేయడమే.

కేబుల్ వాదం ఇంకా బలహీనమైంది. అంకెలు అంకెలే కదా అంటే, యూఎస్‌బీలో పాట పొట్లం పాడైతే కంప్యూటర్ దాన్ని మళ్లీ పంపదని గుర్తుచేస్తారు. నిజమే, ఫైలు కాపీ చేసేటప్పుడు ఉండే ఆ రక్షణ ఆడియోలో లేదు. కానీ పొట్లం పాడైతే ఏం వినబడుతుందో కూడా చెప్పాలి కదా. టక్కుమనే చప్పుడో, క్షణంపాటు పాట తెగడమో వినబడుతుంది. అంకెల్లో వచ్చే తప్పుకు వీణ తీగల మెరుపును మాత్రమే ఏరి తగ్గించడం, మృదంగం బరువును మాత్రమే పలచబరచడం చేతకాదు. ఏ బిట్టు తప్పుపోతుందో దానికి తెలియదు, ఆ బిట్టు ఏ వాద్యానిదో అసలే తెలియదు. టక్కుటక్కులు లేకుండా పాట సాగుతోందంటే కేబుల్ తన పని పూర్తిగా చేస్తున్నట్టే. యూఎస్‌బీ 2.0కు ఐదు మీటర్ల హద్దు ఉంది. ఆ లోపు, ప్రమాణం ప్రకారం చేసిన ఏ కేబులైనా చాలు. వెండి పూత పూసిన కేబుల్ వేలకు వేలు పెట్టి కొని తేడా విన్నానంటున్న మనిషి అబద్ధమాడుతున్నాడని నేననను. అతను విన్నది అతని ఆశను.

మరి ఎంతోమంది కంప్యూటర్ కలిపిన రోజునుంచీ ఏదో రొద వింటున్నారే, అదంతా భ్రమేనా? కాదు. అది అక్షరాలా నిజం. అసలు నిందితుణ్ణి వదిలేసి యూఎస్‌బీని బోనెక్కిస్తున్నారన్నదే నా అభ్యంతరం. హన్మకొండలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి ఇంట్లో దీన్ని దగ్గర్నుంచి చూశాను. పాత ఆంప్లిఫైయర్, మంచి స్పీకర్లు, కొత్తగా కొన్న డాక్, ల్యాప్‌టాప్. పాట ఆపినా స్పీకర్లలోంచి గుమ్మని ఒక మోత, దాని మీద సన్నటి కీచు.

“డిజిటల్ అంటే గింతేనట. కేబుల్ మార్చాలె అన్నడు షాపాయన. ఎనిమిది వేలైతదట” అన్నారాయన.

“సార్, ముందు ఛార్జర్ తీసి చూద్దాం” అన్నాను.

ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను గోడ సాకెట్టులోంచి తీయగానే కీచు ఆగింది, మోత సగానికి పైగా తగ్గింది. తర్వాత ఆంప్లిఫైయర్ వెనక్కి వెళ్లి, సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే ఆర్‌సీఏ తీగలు పీకితే గది నిశ్శబ్దమైంది. ఛార్జర్ మళ్లీ పెట్టాం, మోత రాలేదు. కారణం ఇదీ. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ఛార్జర్ ద్వారా ఇంటి ఎర్తుకు కలిసి ఉంది. సెట్‌టాప్ బాక్సు, కేబుల్ టీవీ తీగ పైతొడుగు ద్వారా వీధిలో మరెక్కడో ఎర్తుకు కలిసి ఉంది. ఈ రెండు ఎర్తుల మధ్య కొద్ది వోల్టేజీ తేడా ఉన్నా, డాక్‌నూ ఆంప్లిఫైయర్‌నూ కలిపే ఆర్‌సీఏ తీగ పైపొర గుండా కరెంటు పారుతుంది. అదే 50 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ మోత. ఆ దారి వెంటే ఛార్జర్ పుట్టించే కీచు కూడా ఎక్కుతుంది. ఇంజనీర్లు దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. దానికి ఎనిమిది వేల యూఎస్‌బీ కేబుల్ తగిలించినా అందులోనూ రాగి తీగే ఉంటుంది కాబట్టి మోత అలాగే ఉండేది. టీవీ శబ్దం కోసం, పీకేసిన ఆర్‌సీఏ తీగల బదులు, టీవీ నుంచి డాక్‌కు ఆప్టికల్ తీగ వేశాం. అందులో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. లూప్ అక్కడితో తెగింది. ఆ తీగ ఖరీదు కొన్ని వందల రూపాయలు.

మన ఊళ్లలో ఈ బెడద ఎక్కువగా ఉండటానికి తగిన కారణాలున్నాయి. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యికి ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు తక్కువ. చాలా పాత ఇళ్లలో సాకెట్టుకు మూడో రంధ్రం ఉంటుంది గాని దాని వెనక తీగ ఉండదు. అందుకే మోత వచ్చినప్పుడు కొందరు ఛార్జర్ మూడో పిన్ను విరిచేయమని సలహా ఇస్తుంటారు. ఈ సలహాను నేను అన్నిటికంటే గట్టిగా ఖండిస్తున్నాను. మోత పోవచ్చు. కానీ ఆ పిన్ను ఉన్నది, లోపల ఏదైనా తెగి కరెంటు పైలోహానికి పాకితే మనిషిని కాపాడటానికి. పాట కోసం ఆ రక్షణ తీసేయమనడం నేరం. చేయాల్సినవి వేరే ఉన్నాయి. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపడం, వినేటప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం, కేబుల్ టీవీ వైపు ఆప్టికల్ వాడటం. అవేవీ కుదరకపోతే యూఎస్‌బీ దారిలోనే విద్యుత్ సంబంధాన్ని తెంచే ఐసొలేటర్ పెట్టడం. వీటితో పాటు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించుకోవడం.

డాక్‌ను నిందించడానికి దారితీసే మరో పొరపాటు సాకెట్టు దగ్గర జరుగుతుంది. ఆంప్లిఫైయర్ వెనక ఫోనో అని రాసిన సాకెట్లు గ్రామఫోన్ కోసం. వాటి వెనక సిగ్నల్‌ను సుమారు వంద రెట్లు పెంచి, బేస్‌ను లేపి, ట్రెబుల్‌ను దించే సర్క్యూట్ ఉంటుంది. రెండు వోల్టుల దాకా ఇచ్చే డాక్‌ను అక్కడ గుచ్చితే పాట చీలి, ఉబ్బి, వికారంగా వస్తుంది. ఆక్స్, సీడీ, ట్యూనర్ అని రాసిన ఏ సాకెట్టుకైనా కలపండి. విండోస్‌లో డ్రైవర్ల తలనొప్పి అని ఇప్పటికీ చెప్పేవాళ్లకు గుర్తుచేయాల్సింది ఒకటుంది. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి రెండో తరం యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. మ్యాక్‌లో, లైనక్స్‌లో అంతకు చాలా ముందే ఉంది. కంప్యూటర్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి ఆంప్లిఫైయర్ గుండీతో తగ్గించుకోండి, అంతకుమించిన సర్దుబాటేమీ అక్కర్లేదు.

ఇక సీడీ స్థాయిని మించిన 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ల విషయం. 2007లో అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ హై రిజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని ఒకసారి నేరుగా, మరోసారి సీడీ స్థాయికి కుదించి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అన్నే వస్తాయి. దీనికి ఎదురుగా చూపించే పరిశోధన కూడా ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ 2016లో 18 అధ్యయనాలను కలిపి లెక్కగట్టాడు. సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. శిక్షణ పొందిన శ్రోతలు ఇంకా మెరుగ్గా చెప్పారు. అంటే తేడా అసలే లేదని ప్రమాణం చేయలేం. కానీ శ్రద్ధగా కూర్చోబెట్టి అడిగితే నూటికి యాభై రెండు సార్లు మాత్రమే సరైన జవాబు వచ్చే తేడాను పట్టుకుని, సీడీ స్థాయి పాట పనికిరాదని తీర్పివ్వడం దారుణం. ఎంక్యూఏ అనే ఫార్మాట్ కథ చూడండి. 2014లో మెరిడియన్ సంస్థ ఆర్భాటంగా ప్రవేశపెట్టింది. దాని గుర్తు ఉన్న డాక్ లేకపోతే పాట పూర్తిగా విప్పుకోదన్నారు. ఎంతోమంది పాత డాక్‌లు పక్కన పెట్టి కొత్తవి కొన్నారు. 2023లో ఎంక్యూఏ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2024లో స్ట్రీమింగ్ సర్వీసు టైడల్ ఆ ఫార్మాట్‌నే వదిలేసింది. అంతకుముందే ఉన్న, శబ్దంలో ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లు మాత్రం ఎప్పటిలాగే, ఏ డాక్‌లోనైనా మోగుతున్నాయి.

మనవాళ్ల సంగతికొస్తే ఈ సంఖ్యల మోజుకు ఇంకా తక్కువ అర్థముంది. మన ఇళ్లలో కంప్యూటర్ నిండా ఉండేవి ఎక్కువగా పాత సినిమా పాటలు. మాయాబజార్ 1957 నాటిది. ఆనాటి ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లోనూ, 78 ఆర్‌పీఎం రికార్డులోనూ 8 కిలోహెర్ట్జ్ దాటి సంగీతం పెద్దగా మిగిలేది కాదు, ఉన్నదల్లా సరసర. ఘంటసాల గొంతులోని గాంభీర్యమంతా సీడీ స్థాయి ఫైలులో సగం జాగా కూడా నింపదు. ఆ పాటకు మేలు చేసేది మంచి మూలం నుంచి, అరగని రికార్డు నుంచి, జాగ్రత్తగా చేసిన బదిలీ. యూట్యూబ్‌లో ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించి, ఎంపీ3 చేసి, మళ్లీ ఎంపీ3 చేసిన పాటను లక్ష రూపాయల డాక్‌లో పోసినా అది అదే పాట. ఇదే పాటను కంపెనీ సీడీ నుంచి ఫ్లాక్‌గా తీసి చవక డాక్‌లో వినండి. తేడా తెలియడానికి శిక్షణ అక్కర్లేదు.

డబ్బు, శ్రద్ధ నిజంగా ఎక్కడ పెట్టాలో చెప్పి తీరాలి, ఎందుకంటే నా బాధంతా అక్కడే. సరైన డాక్ శబ్దంలో కలిపే వికృతి శాతంలో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అదే మంచి స్పీకరైనా, బేస్‌లో గట్టిగా మోగేటప్పుడు ఒక శాతం దాటడం మామూలే. ఇక గది. పన్నెండడుగుల పొడవున్న గదిని తీసుకోండి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం 3.66 మీటర్లు. దాని లెక్కన 47 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ స్వరం ఉబ్బిపోతుంది, గది నడిమధ్యన దాదాపు మాయమవుతుంది. తేడా పది డెసిబెళ్లు దాటడం అరుదేమీ కాదు. కుర్చీ మూడడుగులు ముందుకు జరిపితే వచ్చే మార్పు ముందు ఏ రెండు మంచి డాక్‌ల మధ్య తేడా అయినా లెక్కలోకి రాదు. మన ఇళ్ల గచ్చు గ్రానైట్ లేదా విట్రిఫైడ్ టైల్స్, గోడలు సిమెంటువి, కిటికీలకు పలచని కర్టెన్లు. చప్పట్లు కొడితే ఖంగుమంటుంది. కంప్యూటర్ పాట గరుకుగా ఉందనేవాళ్లలో చాలామంది నిజానికి వింటున్నది ఆ టైల్స్‌నే. ఒక మందపాటి జంపఖానా, బరువైన కర్టెన్లు, నిండా పుస్తకాలున్న అల్మరా, గోడకు కాస్త ఎడంగా జరిపిన స్పీకర్లు చాలా మార్పు తెస్తాయి.

ఇంత చెప్పినా “నా చెవులతో నేను విన్నాను” అనేవాళ్లుంటారు. వాళ్ల చెవుల మీద నాకు గౌరవం ఉంది, అందుకే చెవుల్ని మాత్రమే అడిగే పరీక్ష చేయమంటున్నాను. చూపునూ ధరనూ పక్కన పెట్టాలి. రెండు డాక్‌లూ ఒకే ఆంప్లిఫైయర్‌కు కలపండి. కొద్దిపాటి ఎక్కువ శబ్దం కూడా మనకు మెరుగైన శబ్దంలాగే వినబడుతుంది కాబట్టి ముందు రెండిటినీ సమం చేయాలి. 100 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మామూలు మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ కొలిచి, రెండో డాక్‌కు కూడా అదే అంకె వచ్చేలా కంప్యూటర్ వాల్యూమ్ సర్దండి. ఇక్కడ తేడా ఒక శాతం లోపే ఉండాలి. తర్వాత ఇంట్లో ఎవరినైనా నాణెం వేసి, మీకు కనబడకుండా ఏదో ఒకటి పెట్టమనండి. పదహారు సార్లు చెప్పండి, రాసుకోండి. ఊహించి చెప్పేవాళ్లకు పన్నెండు గాని అంతకుమించి గాని సరైనవి కావడానికి అవకాశం నూటికి నాలుగు లోపే. మీకు పన్నెండు గాని అంతకుమించి గాని వస్తే, ఆ ఖరీదైన డాక్ మీ చెవికి నిజంగానే వేరుగా వినబడుతోంది, కొనుక్కోండి. దుకాణంలో కేబుల్ చూపించినప్పుడు కూడా బిల్లు కట్టేముందు ఇదే పరీక్ష అక్కడే పెట్టమని అడగండి.